కంటకాపల్లికి కవచం ఎప్పుడు?

2022 మార్చి 4న వికారాబాద్ జిల్లాలోని గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య ఒకే పట్టా మీదకు రెండు ఇంజన్లను తెచ్చారు. ఒకదాంట్లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఎక్కారు. రెండోదాంట్లో రైల్వే బోర్డు ఛైర్మన్ వి.కె.త్రిపాఠి ఉన్నారు. మంత్రి ఎక్కిన ఇంజను కదిలి వేగం పుంజుకుంది. డ్రైవరు బ్రేకు జోలికి పోలేదు. ఎదుటి ఇంజను ఇంకా 380 మీటర్ల దూరంలో ఉందనగా మంత్రిగారి ఇంజను తనంతట తానే ఆగిపోయింది. ఆ సాయంత్రం ఏ టీవీ పెట్టినా అదే వార్త. అలా ‘కవచ్’ అనే పేరు ఇంటింటికీ తెలిసింది.

సరిగ్గా ఇరవై నెలలు తిరగకముందే, 2023 అక్టోబరు 29 ఆదివారం రాత్రి ఏడు గంటల వేళ, విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య విశాఖ-రాయగడ పాసింజరు తన ముందున్న విశాఖ-పలాస పాసింజరును వెనక నుంచి గుద్దింది. 14 మంది చనిపోయారు. యాభై మంది దాకా గాయపడ్డారు. ఆదివారం సాయంత్రం విశాఖలో ఎక్కే ఆ రెండు బండ్లలో ఎవరుంటారో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎవరినడిగినా చెబుతారు. పనికెళ్లి ఊరికి మళ్లేవాళ్లు, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో మంచం మీదున్న మనిషిని చూసి వస్తున్నవాళ్లు, కోచింగులకు తిరిగే పిల్లలు. కొత్తవలస దాటాక ఒక్కో ఊళ్లో గుప్పెడు మందిని దించుకుంటూ పోయే బండ్లవి.

ఆ పట్టా మీద కవచ్ లేదు. ఎందుకు లేదని అప్పట్లో రాజకీయ పార్టీలు అడిగాయి. వారం తర్వాత మరిచిపోయాయి. నిజానికి ఆ ప్రశ్నకు జవాబు పత్రికా ప్రకటనలో పట్టేంత చిన్నది కాదు. ఒక యంత్రం ప్రయోగశాలలో పనిచేయడానికీ, నూట పాతికేళ్ల పైబడిన రైలుదారి మీద, రోజూ బండ్లు తిరుగుతుండగా, లక్షల మంది సిబ్బంది చేతుల్లో పనిచేయడానికీ మధ్య ఎంత దూరముందో తెలిస్తే తప్ప అది అర్థం కాదు.

ఎర్రదీపం వెలిగితే

ముందు ఆ రాత్రి సంగతి. పాత పద్ధతిలో ఒక స్టేషను నుంచి బయల్దేరిన బండి తర్వాతి స్టేషనుకు చేరేదాకా వెనక బండిని వదలరు. బండ్లు పెరిగాక ఆ పద్ధతి చాలదు. అందుకని రెండు స్టేషన్ల మధ్య దారిని ముక్కలు చేసి, సుమారు కిలోమీటరుకొక సిగ్నల్ పెట్టి, ముందు ముక్క ఖాళీ అయితే వెనక బండికి దారి ఇచ్చే ఏర్పాటు వచ్చింది. దీన్నే ఆటోమేటిక్ సిగ్నలింగ్ అంటారు. స్టేషను మాస్టరు మీట నొక్కక్కర్లేదు, బండి కదలికను బట్టి దీపాలు వాటంతటవే మారుతుంటాయి. ఒకే దారిలో ఒకదాని వెనక ఒకటిగా నాలుగు బండ్లు పోవచ్చు.

ఇందులో ఒక మెలిక ఉంది. సిగ్నల్ పాడైతే ప్రమాదం జరక్కుండా అది ఎరుపే చూపించేలా తయారు చేస్తారు. అంటే డ్రైవరుకు ఎర్రదీపం కనిపించినప్పుడు ముందు బండి ఉందో, దీపం చెడిందో తెలియదు. చెడిన ప్రతిచోటా మెకానిక్కు వచ్చేదాకా నిలబడితే లైనంతా బిగుసుకుపోతుంది. కాబట్టి రైల్వే ఒక నిబంధన పెట్టుకుంది: ఆటోమేటిక్ సిగ్నల్ ఎరుపులో ఉంటే పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు ఆగాలి. తర్వాత గంటకు 10 కిలోమీటర్ల వేగం మించకుండా, ముందు ఏదో ఉందనే అనుమానంతో, కళ్లు చించుకుని చూస్తూ వెళ్లాలి.

రాయగడ పాసింజరు రెండు చోట్ల పాడైన ఆటోమేటిక్ సిగ్నళ్లను ఈ నిబంధన పాటించకుండా దాటిందని ప్రాథమిక విచారణ తేల్చింది. లోకోపైలట్, సహాయ లోకోపైలట్ బాధ్యులన్నారు. ఇద్దరూ ఆ ప్రమాదంలోనే చనిపోయారు. తమ వైపు మాట చెప్పుకోవడానికి లేరు.

తప్పు వాళ్లదే అనుకుందాం. అలా అనుకున్నా, పాడైన సిగ్నళ్ల మధ్య వందల ప్రాణాలకు పూచీ అంతా ఒక మనిషి ఓపిక మీద వదిలేసిన ఏర్పాటు అది. చీకట్లో, ఒక ఎరుపు తర్వాత మరో ఎరుపు, ప్రతిచోటా రెండు నిమిషాలు, పది కిలోమీటర్ల వేగం. అదే నిబంధన మీద నడిచే ఆటోమేటిక్ సిగ్నళ్ల దారిలో, అవి పాడైన పూటే, 2024 జూన్ 17న పశ్చిమ బెంగాల్లోని రంగాపానీ దగ్గర కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను గూడ్సుబండి వెనక నుంచి గుద్దింది. ఎనిమిది నెలల్లో, రెండు వేర్వేరు జోన్లలో, ఒకే రకం ప్రమాదం. డ్రైవర్ల నిర్లక్ష్యం అని రాసి దస్త్రం మూసేస్తే సరిపోని విషయమిది. ఇలాంటి చోటే యంత్రం మనిషికి తోడు నిలవాలి.

తెలుగు నేల మీదే పుట్టిన యంత్రం

ఆ యంత్రం ఎక్కడో జర్మనీలో తయారై ఓడెక్కి రావాల్సింది కాదు. దీని పుట్టుక, ఎదుగుదల దాదాపు అంతా మన మధ్యే జరిగాయి. కంటకాపల్లి దగ్గర అది లేకపోవడం మరీ గుచ్చుకునేది అందుకే.

1999 ఆగస్టు 2న బెంగాల్లోని గైసల్ దగ్గర రెండు రైళ్లు ఎదురెదురుగా గుద్దుకుని దాదాపు మూడు వందల మంది చనిపోయారు. అప్పట్లో కొంకణ్ రైల్వేను నడిపిన తెలుగు ఇంజినీరు బొజ్జి రాజారాం, ఆ ప్రమాదం తర్వాత ఒక పరికరానికి రూపమిచ్చారు. ఇంజన్లో జీపీఎస్, రేడియో ఉంటాయి. రెండు ఇంజన్లు ఒకదాని ఉనికిని ఒకటి పసిగట్టి, ప్రమాదం అనిపిస్తే బ్రేకు వేస్తాయి. యాంటీ కొలిజన్ డివైస్ అన్నారు, ‘రక్షా కవచ్’ అనీ పిలిచారు. దాన్ని తయారు చేసింది హైదరాబాద్ కంపెనీ కెర్నెక్స్ మైక్రోసిస్టమ్స్. ఈశాన్య సరిహద్దు రైల్వేలో సుమారు 1,700 కిలోమీటర్ల మేర పెట్టి చూశారు కూడా.

అక్కడ దెబ్బతింది. జీపీఎస్ మనమెక్కడున్నామో కొన్ని మీటర్ల తేడాతో చెబుతుంది. పక్కపక్కనున్న రెండు పట్టాల మధ్య ఎడం కూడా ఆ కొన్ని మీటర్లే. కాబట్టి పక్క పట్టా మీద పోతున్న బండిని తన పట్టా మీదే ఉందనుకుని పరికరం కంగారుపడేది. అనవసరంగా బ్రేకు పడేది. ఒంటి పట్టా మీద ఏదోలా నెట్టుకొచ్చినా, రెండు మూడు లైన్లుండి స్టేషను యార్డుల్లో పది పట్టాలు అల్లుకుపోయేచోట దాన్ని నమ్మడం కష్టమైంది. దేశమంతా పెట్టాలన్న ఆలోచన అక్కడితో సన్నగిల్లింది.

రాజారాంది మరో కల కూడా ఉంది. పట్టా కింద వేలాడుతూ నగరాల మీదుగా పోయే స్కైబస్. గోవాలోని మడ్గావ్‌లో ప్రయోగాత్మకంగా కట్టారు. 2004 సెప్టెంబరు 25న పరీక్షలో ప్రమాదం జరిగి ఒక ఉద్యోగి చనిపోయాడు. ఆ తర్వాత స్కైబస్ అటకెక్కింది. ఒక్క ప్రమాదంతో ఒక ఆలోచనను పాతిపెట్టడం సబబేనా అని నాకు ఇప్పటికీ అనుమానమే. కానీ మనుషుల్ని మోసే యంత్రానికి జనం ఇచ్చే అవకాశాలు తక్కువ.

రక్షా కవచ్ నేర్పిన పాఠం మాత్రం వృథా పోలేదు. లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌వో రెండోసారి మొదలుపెట్టినప్పుడు, బండి ఏ పట్టా మీద ఉందో ఆకాశాన్ని అడగడం మానేసి నేలనే అడిగింది. దక్షిణ మధ్య రైల్వేలోని లింగంపల్లి-వికారాబాద్ మార్గం పరీక్షలకు వేదికైంది. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల బండ్ల మీద పరీక్షలు మొదలయ్యాయి. 2018-19లో సరఫరాకు అనుమతి పొందిన మూడు కంపెనీలు మేధా, కెర్నెక్స్, హెచ్‌బీఎల్. మూడూ హైదరాబాదువే. వీటిలో హెచ్‌బీఎల్‌కు మన విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం కందివలసలోనే కర్మాగారం ఉంది. సిబ్బందికి దీన్ని నేర్పే ఇరిసెట్ శిక్షణ సంస్థ సికింద్రాబాద్‌లో ఉంది. 2020 జులైలో కవచ్‌ను జాతీయ రక్షణ వ్యవస్థగా ప్రకటించారు.

పట్టా మధ్యలో చిన్న పెట్టె

కవచ్ ఎలా పనిచేస్తుందో కాస్త దగ్గరగా చూద్దాం. పట్టాల మధ్య స్లీపరు మీద చిన్న పెట్టె ఒకటి బిగిస్తారు. అందులో ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగు ఉంటుంది, టోల్‌గేటు దగ్గర కారు అద్దానికి అంటించే ఫాస్టాగ్ జాతిదే. దానికి బ్యాటరీ, తీగ ఏమీ అక్కర్లేదు. ఇంజను అడుగున ఉన్న రీడరు పైనుంచి పోతున్నప్పుడు ‘ఇది ఫలానా పట్టా, ఫలానా చోటు’ అని చెప్పి ఊరుకుంటుంది. ఇలాంటివి సుమారు కిలోమీటరుకొకటి, సిగ్నళ్ల దగ్గర, యార్డుల్లో ఇంకా దగ్గర దగ్గరగా ఉంటాయి.

ఇంజను ఆ సమాచారాన్ని రేడియోలో స్టేషనుకు పంపుతుంది. స్టేషన్లో ఉన్న కవచ్ యంత్రం, సిగ్నళ్లనూ బండిని పట్టా మార్చే పాయింట్లనూ ముడిపెట్టే ఇంటర్‌లాకింగ్ వ్యవస్థను చూస్తుంది. ఏ సిగ్నల్ ఏ రంగులో ఉంది, ఏ పాయింటు ఎటు తిరిగి ఉంది అన్నది లెక్కగట్టి, ‘నీకు ఇక్కడి దాకా దారి ఉంది’ అని తిరిగి చెబుతుంది. డ్రైవరు ముందున్న తెరమీద ఆ దూరం, అనుమతించిన వేగం కనిపిస్తాయి. ఆ బండి బరువుకి, వేగానికి ఎంత ముందుగా బ్రేకు వేస్తే ఆగుతుందో ఇంజన్లోని కంప్యూటరు ప్రతి క్షణం లెక్కేస్తూనే ఉంటుంది. డ్రైవరు హద్దు మీరితే ముందు మోత మోగిస్తుంది. అయినా వినకపోతే తానే బ్రేకు వేస్తుంది.

ఇప్పటికీ మన ఇంజన్లలో లోకోపైలట్, సహాయకుడు ప్రతి సిగ్నల్‌నూ పైకి చదివి ఒకరికొకరు చెప్పుకుంటారు. చెయ్యెత్తి చూపిస్తూ ఒకరు రంగు చెబుతారు, రెండోవారు అదే మాట తిరిగి చెబుతారు. పొగమంచులో, వానలో, తెల్లారగట్ల నిద్ర ముంచుకొచ్చే వేళ ఆ కేకే రక్షణ. ఆ ఇద్దరి మధ్యకు మూడో గొంతును చేర్చడమే కవచ్ చేసే పని.

చెప్పుకోవడానికి ఇంత సులువుగా ఉన్నది మంత్రి ఎక్కిన ఆ ఇంజను దాకా రావడానికే పదేళ్లు పట్టింది. ఎందుకంటారా? ముందుగా స్టేషన్ల సంగతి. ఒక స్టేషన్లో సిగ్నళ్లు పాత మీటల ప్యానెల్ మీద నడుస్తాయి, పక్క స్టేషన్లో ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ ఉంటుంది. దశాబ్దాలుగా మార్పులు జరుగుతూ వచ్చిన వైరింగు గీసి ఉంచిన పటంతో అన్నిచోట్లా కుదురుతుందని నమ్మకం లేదు. ప్రతి స్టేషనునూ మళ్లీ కొలిచి, ప్రతి పాయింటునూ సరిచూసి, ఆ స్టేషనుకు తగ్గట్టు యంత్రాన్ని తయారుచేయాలి. ఒక చోట పనిచేసినదాన్ని మరోచోట నకలు కొట్టడం కుదరదు.

ఆ తర్వాత మూడు కంపెనీల సమస్య. ఒక కంపెనీ బిగించిన ఇంజను మరో కంపెనీ బిగించిన స్టేషన్లోకి వచ్చినా తడబడకూడదు. దీన్ని సాధించడానికే పరీక్షల్లో చాలా కాలం గడిచింది. రేడియో టవర్లకు స్థలం, నేల పరీక్ష, కరెంటు కావాలి. రెండు స్టేషన్ల మధ్య ఎక్కడా సంకేతం తెగిపోకూడదు. విజయనగరం నుంచి పార్వతీపురం, కూనేరు మీదుగా రాయగడ వెళ్లేదారిలో కొండలూ మలుపులూ చూసినవాళ్లకు ఆ కష్టం వేరే చెప్పక్కర్లేదు. ఇంతా చేసి ఈ పనంతా బండ్లు తిరుగుతుండగానే జరగాలి. పట్టా మీద పనికి కాసేపు బండ్లు ఆపడాన్ని రైల్వేలో బ్లాక్ తీసుకోవడం అంటారు. హౌరా-చెన్నై లైను మీద రెండు గంటల బ్లాక్ దొరకడం గగనం.

వీటన్నింటికంటే పెద్ద చిక్కు నమ్మకం. ఈశాన్యంలో రక్షా కవచ్ అనవసరంగా బ్రేకు వేసిన ప్రతిసారీ బండి ఆలస్యమైంది, డ్రైవరు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. అలా పదిసార్లు జరిగితే పదకొండోసారి ఏ మనిషైనా యంత్రాన్ని పక్కన పెట్టి నడపడానికే చూస్తాడు. రక్షణ యంత్రం తప్పుగా ఆపకూడదు, ఆపాల్సినప్పుడు మానకూడదు. పదివేల ఏళ్లలో ఒక్క తప్పుకు మించి జరగని స్థాయి భద్రతా ధ్రువీకరణ దీనికుందని రైల్వే చెప్పుకుంటోంది. అంత గట్టి పరీక్షకు కాలం పట్టిందంటే నేను తప్పుపట్టను. తొందరపడి నాసిరకం పరికరం పెట్టి, డ్రైవర్లు దాన్ని ఆపేసి నడిపితే అది లేకపోవడం కంటే ప్రమాదం.

నౌపడా చిన్నబండి, సాలూరు రైలుబస్సు

కొత్త బండిని దారికి తేవడం ఈ ప్రాంతానికి కొత్తేం కాదు. 1893-96 మధ్య తూర్పు కోస్తా రైలుమార్గం పడింది. దాని వెంటే పర్లాకిమిడి మహారాజు తన రాజధానిని పెద్ద లైనుకు కలపాలని నౌపడా నుంచి రెండున్నర అడుగుల వెడల్పు చిన్న రైలుమార్గం వేయించుకున్నారు. 1900లో అది మొదలైంది. మొదటి పదేళ్లూ నష్టాలే. 1910 తర్వాత గానీ కాస్త లాభం మొహం చూడలేదు. 1924-25 తర్వాత బాగా నడిచింది, 1931 నాటికి గుణుపురం దాకా సాగింది. మహారాజు లెక్కలు చూసి మూడో ఏటే మూసేసి ఉంటే ఆ చిన్నబండి మన పెద్దల జ్ఞాపకాల్లో ఉండేదే కాదు. 2004లో దాన్ని ఆపి, పెద్ద పట్టాగా మార్చి 2011లో మళ్లీ తెరిచారు.

సాలూరు కథ దీనికి తలకిందులు. బొబ్బిలి నుంచి సాలూరుకు దాదాపు 18 కిలోమీటర్లు. అంత చిన్న దారికి పూర్తి రైలెందుకని, బస్సులాంటి ఒంటి పెట్టె రైలుబస్సు తిప్పారు. ఆలోచన చాలా తెలివైనది. చూడ్డానికి ముచ్చటగా ఉండేది, దూరాల నుంచి వచ్చి ఫొటోలు తీసుకెళ్లేవారు. కానీ ఆ దారికి ఉన్నది అలాంటి బండి ఒక్కటే. అది మరమ్మతుకు పోయిన రోజు సాలూరుకు రైలు లేనట్టే. కరోనా కాలంలో ఆగిపోయింది. ఎంత మంచి యంత్రమైనా వెనక తన జాతి లేకుండా, విడిభాగాల డిపో, అలవాటైన మెకానిక్కులు లేకుండా ఒంటరిగా బతకదని దాన్ని చూస్తే తెలుస్తుంది.

కవచ్ కూడా చాలాకాలం ఇలా ఒంటరిగానే ఉంది. 2024 నాటికి దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల దారికీ, 144 ఇంజన్లకూ అది ఉంది. అంటే ట్యాగులున్న దారి మీదకు వేరే జోన్ల నుంచి వచ్చే ఇంజన్లకు కవచ్ ఉండేది కాదు. కవచ్ ఉన్న ఇంజను ఆ హద్దు దాటితే పట్టా మీద ట్యాగుండేది కాదు. 2024 మార్చి నుంచి విజయనగరం, శ్రీకాకుళం రోడ్ మీదుగా భువనేశ్వర్-విశాఖ వందేభారత్ తిరుగుతోంది. వందేభారత్ బండ్లు కవచ్ బిగించుకునే ఫ్యాక్టరీ నుంచి బయటికొస్తాయని రైల్వే గొప్పగా చెబుతుంది. నిజమే. కానీ దాని కింద పట్టా మూగదైతే ఆ పరికరం ఏం చేస్తుంది? ఒంటి చేత్తో చప్పట్లు మోగవు.

వరుసలో మన వంతు

ఇక అసలు గొడవ. ఇంజన్లలో, స్టేషన్లలో సాంకేతిక కష్టాలుంటే ఉండనీ, ఏ లైనుకు ముందు పెట్టాలన్నది మాత్రం సాంకేతిక ప్రశ్న కాదు. ఎవరో కూర్చుని తీసుకున్న నిర్ణయం.

మొదటి 1,465 కిలోమీటర్లు మన్మాడ్-నాందేడ్-సికింద్రాబాద్-డోన్-గుంతకల్, వాడి-వికారాబాద్-సనత్‌నగర్, వికారాబాద్-బీదర్-పర్లి-పర్భణి మార్గాలు. పరీక్షలు జరిగిన ప్రాంతం కాబట్టి అక్కడ మొదలుపెట్టడం అర్థం చేసుకోవచ్చు. ఆ తర్వాత ప్రాధాన్యం ఢిల్లీ-ముంబై, ఢిల్లీ-హౌరా మార్గాలకు దక్కింది. సుమారు 3,000 కిలోమీటర్లు. వాటి మీద రద్దీ ఎక్కువ, గంటకు 160 కిలోమీటర్ల వేగం అందుకోవాలన్న లక్ష్యమూ ఉంది. 2024 జులై 16న కవచ్ కొత్త వెర్షన్ 4.0కు ఆమోదం వచ్చింది. పెద్ద యార్డుల్లో మరింత కచ్చితంగా పనిచేసేది ఇది. 2025 జులైలో మథుర-కోట మధ్య 324 కిలోమీటర్లు దీనితో సిద్ధమైంది. పాత 3.2 వెర్షన్ పెట్టిన దక్షిణ మధ్య రైల్వే మార్గాలను కూడా దీనికి మార్చాలి. హౌరా-చెన్నై లైను స్వర్ణ చతుర్భుజిలో భాగం కాబట్టి తర్వాతి టెండర్ల జాబితాలో చేరింది.

నా ఫిర్యాదు ఒక్కటే. వరుస కట్టింది వేగాన్ని బట్టి, ముప్పును బట్టి కాదు. ఆటోమేటిక్ సిగ్నళ్లు ఉండి, ఒకే పట్టా మీద పాసింజర్లు, ఎక్స్‌ప్రెస్‌లు, విశాఖ పోర్టు గూడ్సులు ఒకదాని వెనక ఒకటి పోయే దారి, వంద కిలోమీటర్ల వేగమే ఉన్నా, కవచ్ వరుసలో ముందుండాలి. 160తో పోయే రాజధాని ఎక్స్‌ప్రెస్‌కు రక్షణ వద్దని కాదు. నెమ్మదిగా పోయే పాసింజరు వెనక నుంచి దెబ్బతినే అవకాశం దానికంటే తక్కువేం కాదని కంటకాపల్లి చూపించింది.

డబ్బు మాటా చూద్దాం. దారికి, స్టేషన్లకు కలిపి కిలోమీటరుకు సుమారు 50 లక్షలు, ఇంజనుకు 80 లక్షలు అని రైల్వే శాఖ చెప్పిన లెక్క. విశాఖ నుంచి పలాసకు ఉజ్జాయింపుగా 200 కిలోమీటర్లు. అంటే దారికి వంద కోట్లు. నగరంలో ఒక పెద్ద ఫ్లైఓవరుకు అయ్యేంత. భోగాపురం విమానాశ్రయం గురించి మనం రాసినన్ని పేజీలు ఈ వంద కోట్ల గురించి ఎప్పుడైనా రాశామా? పత్రికలవాళ్లం మనమూ ఆకాశాన్నే చూస్తున్నాం.

బయటి దేశాలు ఎంత సమయం తీసుకున్నాయో చూస్తే మనవాళ్ల మీద కోపం కొంత తగ్గుతుంది, కొంత పెరుగుతుంది. 2008 సెప్టెంబరు 12న అమెరికాలోని చాట్స్‌వర్త్‌లో సిగ్నల్ దాటిన లోకల్ రైలు గూడ్సును ఢీకొని 25 మంది చనిపోయారు. మరుసటి నెలలోనే చట్టం చేశారు, 2015 చివరికల్లా రక్షణ వ్యవస్థ పెట్టి తీరాలని. గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2020 డిసెంబరు 29కి పూర్తిచేశారు. అంత డబ్బున్న దేశానికి పన్నెండేళ్లు. జపాన్‌లో 1962 మే 3న మికవాషిమా దగ్గర 160 మంది చనిపోతే, 1966 నాటికి జాతీయ రైల్వే మార్గాలన్నింటికీ ఆటోమేటిక్‌గా బండి ఆపే పరికరం పెట్టేశారు. అది కవచ్ అంత తెలివైనది కాదు, మోటు పరికరం. కానీ నాలుగేళ్లలో అందరికీ అందింది. మన దగ్గరా కవచ్ రాకముందే ఇలాంటి చవకైన మధ్యదారి ఒకటి ఎంచుకుని ఉండాల్సిందని నా అభిప్రాయం. అత్యుత్తమమైనది వచ్చేదాకా ఏమీ లేకుండా ఉండటం పాసింజరు ఎక్కేవాడికి న్యాయం కాదు.

అది చేయలేనివి

కవచ్ వస్తే ఇక ఏ ప్రమాదమూ జరగదనుకుంటే పొరపాటే. ఈ రెండు పాత జిల్లాల్లోనే చూడండి. 2013 నవంబరు 2న గొట్లాం దగ్గర మంటలు లేచాయన్న భయంతో ఒక ఎక్స్‌ప్రెస్‌లోంచి దూకినవాళ్ల మీదుగా పక్క పట్టా మీద బండి పోయింది. 2017 జనవరి 21 రాత్రి కూనేరు స్టేషను దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది, నలభై మందికి పైగా చనిపోయారు. 2022 ఏప్రిల్ 11న జి.సిగడాం మండలం బాతువ దగ్గర ఆగిన బండి దిగి పట్టాల మీద నిలబడినవాళ్లను కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఢీకొట్టింది. ఈ మూడింట్లో ఒక్కదాన్నీ కవచ్ ఉన్నా ఆపగలిగేది కాదు. అది పట్టా విరగడాన్ని చూడలేదు. పట్టా మీద మనిషిని గుర్తుపట్టలేదు. స్టేషన్ వైరింగు తప్పయితే ఆ తప్పునే నమ్ముతుంది. 2023 జూన్ 2న బహానగాలో కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌ను లూప్‌లైనులోకి మళ్లించింది సిగ్నల్ వైరింగులో జరిగిన పొరపాటే. 290 మందికి పైగా ప్రాణాలు తీసిన ఆ ప్రమాదం జరిగింది కూడా ఈ హౌరా-చెన్నై లైను మీదే.

కాబట్టి కవచ్ కోసం అడుగుతున్నప్పుడు పట్టాల తనిఖీ, సిగ్నల్ సిబ్బంది ఖాళీలు, లోకోపైలట్ల విశ్రాంతి గంటలు పక్కకు పోకూడదు. యంత్రం వచ్చింది కదా అని మనుషుల్ని తగ్గించే ఉబలాటం ఏ యాజమాన్యానికైనా ఉంటుంది.

ఈలోగా ఒకటి మారింది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌కు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. వాల్తేరు డివిజన్‌ను విడదీసి ఏర్పరిచే విశాఖ డివిజన్‌కు పలాస-విశాఖ-దువ్వాడ, కూనేరు-విజయనగరం, నౌపడా-పర్లాకిమిడి, బొబ్బిలి-సాలూరు మార్గాలను 2025 ఫిబ్రవరి 7న కేంద్ర మంత్రివర్గం కేటాయించింది. ఇన్నాళ్లూ జోన్ కేంద్రమైన భువనేశ్వర్‌ను అడగాలి, లేదంటే ఢిల్లీని అడగాలి అన్న సాకు ఉండేది. ఇకపై జవాబు చెప్పాల్సినవాళ్లు విశాఖలోనే ఉంటారు.

వాళ్లను అడగాల్సింది కవచ్ వస్తుందా అని కాదు. వస్తుందనే చెబుతారు. దువ్వాడ నుంచి పలాస దాకా ఏ స్టేషన్లో ఏ నెలకు బిగిస్తారు, ఈ లైను మీద తిరిగే పాసింజర్ల ఇంజన్లలో ఎన్నింటికి ఎప్పటికి వస్తుంది, అప్పటిదాకా ఆటోమేటిక్ సిగ్నల్ పాడైన ప్రతిసారీ వెనకొచ్చే బండిని ఎలా హెచ్చరిస్తున్నారు? ఈ మూడింటికీ తేదీలతో సహా జవాబు రాతపూర్వకంగా కావాలి. జోన్ జనరల్ మేనేజరు ఎంపీలతో జరిపే సమావేశాలున్నాయి. డివిజన్ స్థాయిలో ప్రయాణికుల సంప్రదింపుల కమిటీ ఉంది. శ్రీకాకుళం, విజయనగరం ఎంపీలు, ఆ కమిటీలో మన జిల్లాల సభ్యులు ఈ ప్రశ్నను ప్రతి సమావేశంలో అజెండాలో పెట్టించాలి. పెట్టించారో లేదో పలాస బండి, రాయగడ బండి ఎక్కే మనం వాళ్లను అడగాలి.